బూడిద అనుకున్న శనగలు

లాంతరు చిమ్నీ తుడుస్తున్నాను. నాలుగేళ్ల నా కూతురు వచ్చి మూసిన పిడికిలి నా ముక్కు కింద పెట్టి, "ఏముందో చెప్పు" అంది. రోజూ ఆడే ఆటే. గులకరాయి అన్నాను. బొత్తాం అన్నాను. చీమ అన్నాను. మొదటి రెండిటికీ తల అడ్డంగా ఊపింది, చీమకు మాత్రం పకపకా నవ్వి పిడికిలి తెరిచింది. నాలుగు నానిన శనగలు. ఒకటి తీసి నోట్లో వేసుకోబోయాను కూడా. వత్తి అప్పుడే ముట్టించి ఉంది. ఆ వెలుగులో గింజ ముక్కు దగ్గర, మడతలో, సన్నటి బూడిదరంగు గీత కనిపించింది. వేలితో రుద్దాను. పోలేదు. బూడిదైతే నీళ్ళు తగలగానే పోతుంది, గింజ నానేదాకా నిలవదు.

చిమ్నీ నా చేతిలోంచి జారి ఒళ్లో పడింది.

"ఇవి యాడివి?"

"అవ్వ ఇంట్లోవి. బడి తోటలో మిగిలినవంట. గుగ్గిళ్ళు చేస్తాంది. పిల్లోళ్లందరికీ పెడతాదంట."

ఇది జరిగి మూడేళ్లయింది. పిల్లలు పడుకున్నాక, ఇల్లు సర్దుకున్నాక, ఇప్పుడు రాస్తున్నాను. ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం ఒకటే. ఆ రోజు తప్పు ఎవరిదో నాకు బాగా తెలుసు.

కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులవి. మా ఆయన ఎమ్మిగనూరు హైస్కూల్లో ఉపాధ్యాయుడు, వీధి వాళ్ల మాటల్లో అయివోరు. నేను ఆదోనిలో పుట్టి పెరిగి, అనంతపురంలో కాలేజీ చదువు చదివి, పెళ్లయ్యాక ఈ ఊరికి వచ్చాను. మేం అద్దెకున్న ఇల్లు నేతగాళ్ల వీధి చివర. పొద్దున లేచి తలుపు తీస్తే వీధి పొడుగునా పడుగు సాచి, దానికి గంజి పెడుతూ ఉండేవాళ్లు. దాటేటప్పుడు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడవడం మొదటి ఏడాదే నేర్చుకున్నాను.

భయం మాత్రం నేర్చుకోనక్కర్లేకపోయింది. మొదటి బిడ్డ పుట్టిన నాటి నుంచి అది నా వెంటే ఉంది. కొడుకు బావి వైపు చూస్తే భయం, కూతురు దగ్గితే భయం. తేలు, పాము, బండి చక్రం, పొయ్యి, మగ్గం గుంత. "వద్దు", "ముట్టుకోవద్దు", "అటు పోవద్దు". రోజుకు ఈ మాటలు ఎన్నిసార్లు అనేదాన్నో నాకే తెలియదు. పక్కింటి అవ్వ ఒకసారి అడిగింది కూడా, "అయివోరమ్మా, నువ్వు పిల్లల్ని సాకుతాండావా, కావలి కాస్తాండావా?" అని.

అవ్వ గురించి చెప్పాలి. ఆమె హొళగుంద దిక్కు పల్లెలో, సేద్యం చేసుకునే ఇంట పుట్టి, నేతగాళ్ల ఇంటికి కోడలుగా వచ్చింది. మాటల్లో కన్నడం దొర్లుతుంది. మొగుడు పోయాడు, కొడుకు మగ్గం నేస్తాడు. అవ్వకు ఆరు కోళ్లు, ఒక మేక, వీధిలో పిల్లలందరూ. నా కూతురు మా ఇంట్లో కంటే ఆమె ఇంట్లోనే ఎక్కువ ఉండేది. ఆ ఇంట్లో "వద్దు" అనే మాట వినపడదు కదా.

ఆ ఏడు గాంధీ జయంతి నుంచి వారం రోజులు శ్రమదానం చేయాలని బడిలో నిర్ణయించారు. ఉపాధ్యాయులు ఇల్లాళ్లతో, పిల్లలతో సహా రావాలన్నారు. రెండు పనులు పెట్టుకున్నారు. నేతగాళ్ల వీధిలో రంగు బానల నీళ్లు నిలవకుండా కాలువ తవ్వి, వీధి చివర, బడి వెనక నుంచి కనిపించే చోట, ఒక ఇంకుడు గుంత తీయడం ఒకటి. బడి వెనక ఖాళీ స్థలంలో తోట వేయడం రెండోది.

ఆ కాలువ సంగతి నాకిప్పటికీ ఇష్టం. నేల నల్లరేగడి. అప్పుడే వానలు పడి ఉన్నాయి, మట్టి పారకు అంటుకుని ఊడిరాదు. రంగు నీళ్లు నిలిచిన చోట మట్టి ఒక పొర నీలం, ఒక పొర ఎరుపు. రెండో రోజుకల్లా అందరి పాదాలూ రంగులే. మా ఆయన పార పట్టుకున్న తీరు చూసి వీధిలో ఒకాయన, "అయివోరు సుద్దముక్క పట్టినట్ల పట్టినాడే పారని. సామీ, అది నల్లబల్ల కాదు, నేల" అన్నాడు. మా ఆయన పార ఆయన చేతికిచ్చి, "అయితే ఈ లెక్క మీరు చేసి చూపండి" అన్నారు. ఆయన మధ్యాహ్నం దాకా తవ్వాడు. ఎవరు ఎవరికి శ్రమదానం చేస్తున్నారో తెలియకుండా పోయింది.

నా కొడుక్కి ఏడేళ్లు. గుంత లోతయ్యే కొద్దీ వాడికి దాని అంచున నిలబడాలని. నాకు వాణ్ణి లాగి పక్కన పెట్టడమే పని. ఆడవాళ్లం తోట వైపు ఉన్నా, నా కళ్లు గుంత వైపే ఉండేవి.

ఐదో రోజు శనగలు విత్తాలి. మామూలుగా కూరగాయల తోటకు శనగలెందుకు? కానీ మా దిక్కు ఆ నెలలో నల్లరేగడిలో శనగ వేస్తారు. సేద్యం సలహాలు చెప్పే సర్కారు గ్రామసేవకుడు, కొత్త పద్ధతిలో మొలక బాగా వస్తుందని చూపిస్తానన్నాడు. గింజలు పుచ్చిపోకుండా, బూజు పట్టకుండా ఏదో పొడి పట్టించి తెచ్చాడు. ఒక గుడ్డసంచి, దాని మూతికి దారంతో కట్టిన ఒక అచ్చు కాగితం. "అమ్మా, మీరు చదువుకున్నారు, మీరే చూసుకోండి" అని నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

చదివాను. అందులో పాదరసం ఉందని, ఆ గింజ మనుషులు గానీ పశువులు గానీ తినరాదని, విత్తిన వారు చేతులు కడుక్కోవాలని, మిగిలిన గింజ లోతుగా పూడ్చాలని ఉంది. అక్కడున్నవాళ్లకు గట్టిగా చదివి వినిపించాను కూడా. అప్పుడు అవ్వ అక్కడ లేదు. ఇంట్లో పడుగు గంజి కాస్తోంది. సాళ్లు తీశాక, మొదటి గింజ అవ్వ చేత వేయించాలని ఆడవాళ్లు పిలుచుకొచ్చారు. ఆమె చేయి మంచిదని వీధిలో పేరు. అవ్వ సంచిలో చెయ్యి పెట్టి, గింజలు అరచేతిలో పోసుకుని చూసింది. బూడిదరంగు పొడి.

"బూడిద బాగా పట్టిచ్చినారే" అంది మెచ్చుకోలుగా.

నేను విన్నాను. చెబుదామనుకున్నాను. సరిగ్గా అప్పుడే గుంత దగ్గర నా కొడుకు అంచున కూర్చుని కాళ్లు లోపలికి ఊపుతూ కనిపించాడు.

ఆమె అన్నదాంట్లో ఆశ్చర్యం ఏమీ లేదు. విత్తనానికి బూడిద పట్టించి కుండలో దాచని ఇల్లు మా దిక్కు ఉండదు. ఆదోనిలో మా అమ్మా అలాగే దాచేది. తినాలంటే కడుగుతారు, విత్తాలంటే అలాగే విత్తుతారు. బూడిద పట్టిన గింజ అంటే పురుగు పట్టని మంచి గింజ అని అర్థం.

విత్తడం అయింది. అందరం బడి బావి దగ్గర చేతులు కడుక్కున్నాం. సంచిలో ఇంకా రెండు శేర్లు మిగిలింది. దాన్ని పూడ్చాలని సంచి పట్టుకుని, కాగితం విప్పి జాకెట్లో పెట్టుకుని, పార కోసం వెళ్తున్నాను. నా కొడుకు ఈసారి గుంతలోకి దిగాడు. నడుము లోతు, అంతే. లోపల ఇద్దరు మనుషులు కూడా ఉన్నారు. నేను సంచి బడి వసారాలో పెట్టేసి పరుగెత్తాను. వాణ్ణి లాగి, రెండు దెబ్బలు వేసి, ఇద్దరు పిల్లల్నీ ఇంటికి తీసుకొచ్చి, స్నానాలు చేయించి, అన్నాలు పెట్టాను. సంచి గుర్తుకు రాలేదు. కూతురు ఎప్పట్లాగే అవ్వ ఇంటికి జారుకుంది. మా ఆయన అన్నం తిని, మర్నాడు నాటడానికి మొక్కలు తెస్తానని ఆదోని బస్సెక్కారు.

ఇక అవ్వ చేసింది ఇది. వాళ్ల పుట్టింటి దిక్కు విత్తనం మిగిలితే వెనక్కి కుండలో పోయరు. విత్తిన రోజే గుగ్గిళ్ళు చేసి పిల్లలకు పంచాలి. పిల్లల కడుపు నిండితే భూమి కడుపు పండుతుందని నమ్మకం. వసారాలో సంచి అనాథలా పడుంది. అయివోరమ్మ పిల్లల గొడవలో మరిచిపోయింది, పాపం, ఆ పని తాను చేద్దామనుకుని అవ్వ సంచి ఇంటికి తీసుకెళ్లింది. మూడు నీళ్లు కడిగింది. వేడినీళ్లలో నానేసింది. సాయంత్రం పొయ్యి మీద పెట్టింది.

చిమ్నీ లేని దీపం అలాగే వదిలేసి, కూతుర్ని చంకనేసుకుని నేను అవ్వ ఇంట్లోకి వెళ్లేసరికి ఏడెనిమిది మంది పిల్లలు మగ్గం పక్కన వరసగా కూర్చుని ఉన్నారు. ఒక పిల్ల చంకలో తమ్ముడు. కుండలో గుగ్గిళ్ళు ఉడుకుతున్నాయి. అవ్వ గరిట పట్టుకుని ఉంది.

"పెట్టొద్దు అవ్వా! ఎవరికీ పెట్టొద్దు!"

"ఏందమ్మా, ఉప్పెక్కువైన సంగతి మీ ఇంటిదాకా తెల్సిపాయనా?"

కూతుర్ని దించి, కొంగుతో కుండ పట్టుకుని, వీధిలోకి తీసుకెళ్లి, ఇంకా రాళ్లు నింపని ఆ ఇంకుడు గుంతలో పారబోసి, కాళ్లతో మట్టి తోశాను. చేయి కాలింది. తిరిగి వచ్చేసరికి అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. గరిట చేతిలోనే ఉంది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి.

"మా పొయ్యి మీద కూడు పారబోస్తివే" అంది. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

వీధిలో వాళ్లు ఏమనుకుంటున్నారో నాకు అర్థమైంది. మా ఇంట్లో ఎవరూ అవ్వ ఇంట్లో అన్నం తినరు. చిన్నపిల్ల తింటే చూసీచూడనట్టు ఊరుకుంటాం. ఇవాళ అయివోరమ్మకు అది కూడా సహించలేదన్నమాట.

"అవ్వా, అది బూడిద కాదు. విషం. పొద్దున నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు."

"మూడు నీళ్లు కడిగినానే."

"కడిగితే పోదు."

అవ్వ తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. తర్వాత పిల్లల వైపు తిరిగింది. "ఎవురన్నా తిన్యారా? నిజం సెప్పండి." ఎవరూ తినలేదు. అప్పటిదాకా అందరూ కాలువ దగ్గర, ఆటల్లో ఉన్నారు. మధ్యాహ్నం నుంచి అవ్వ దగ్గర, నానేసిన గిన్నె పక్కన ఉన్నది ఒక్కతే. నా కూతురు.

"తిన్నావా?"

"లేదు."

భుజాలు పట్టుకుని ఊపాను. "నిజం చెప్పు! తిన్నావా లేదా? ఎన్ని తిన్నావు?"

"తినలేదు. నేను తినలేదు." కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. ఆ చూపు నాకు తెలుసు. తిడతానని తెలిసినప్పుడు చూసే చూపు. ఆ క్షణంలో నాకు ఆ పొడి కంటే ఎక్కువ భయం వేసింది ఆ చూపును చూసే. నా బిడ్డ ప్రాణం మీదికి వచ్చిన మాట నాకు చెప్పడం లేదు. చెప్పకూడదని దానికి నేర్పింది నేనే.

అవ్వ నన్ను పక్కకు జరిపింది. నేల మీద చతికిలబడి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది.

"నేను రెండు తింటిని, ఉప్పు సూసేకి. బాగుండినాయి. నువ్వెన్ని తింటివే, నా బంగారూ?"

కూతురు నా వైపు చూడకుండా ఒక చెయ్యి చూపించింది. అయిదు వేళ్లు. కాసేపు ఆలోచించి రెండో చేతిలోంచి ఇంకో రెండు తీసింది.

ఏడు.

పక్క వీధిలో డాక్టరు గారి ఇల్లు. ఆయన ముసలాయన, తొందరపడడం తెలియని మనిషి. కాగితం నా జాకెట్లోనే ఉంది. తీసి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఆ చదవడం నాకు ఒక యుగంలా ఉంది.

"కడిగినవేనా?"

"మూడు నీళ్లు" అంది నా వెనక నుంచి అవ్వ. ఆమె వచ్చిందని అప్పటిదాకా చూసుకోలేదు.

"వీధి పిల్లలంతా తినాల్సింది, ఒక్కతే తింది. గుప్పెళ్లు కాదు, ఏడు గింజలు. అదీ కడిగినవి. అదృష్టం. అట్లని వదిలేసేది కాదు." ఉప్పు నీళ్లు తాగించి కక్కించారు. నాలుగు గింజలు దాదాపు అలాగే బయట పడ్డాయి. తర్వాత నాతో, "కోడిగుడ్డు తెల్లసొన పాలలో కొట్టి తాగించు. ఇప్పుడొకసారి, పడుకునే ముందొకసారి, తెల్లవారుజామున ఒకసారి. పాదరసాన్ని అది పట్టేస్తుంది. ఒంటికి పోకపోయినా, తిన్నది నిలవకపోయినా నాకు కబురు చేయండి" అన్నారు. అవ్వను చూసి, "నువ్వు కూడా తింటివంటనే? నీకూ అదే మందు" అన్నారు.

"నాకేమీ కాదులే సామీ. మట్టి తిని పెరిగిన కడుపు."

"ఆ కడుపు నాకు చూపించేది తర్వాత. ముందు తాగు."

తెల్లసొన అన్నప్పుడు నేను తల దించుకున్నాను. మా ఇంట్లో గుడ్డు రాదు. మా అత్తగారు వచ్చినప్పుడు ఉల్లిపాయలు కూడా దాస్తాం. ఎవరిని అడగాలి? వీధిలో ఇప్పుడే కుండ పారబోసి వచ్చాను.

ఇల్లు చేరి కూతుర్ని పడుకోబెట్టి, పాలు కాస్తున్నాను. కొడుకు మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు, పొద్దున తిన్న దెబ్బలు మరిచిపోయి. పెరటి తలుపు దగ్గర అలికిడైంది. అవ్వ. కొంగులో నాలుగు గుడ్లు, చేతిలో వాళ్ల సత్తుగిన్నె.

"మీ గిన్నెలకు అంటనీనులేమ్మా. నేను మా గిన్నెలో కొట్టి ఇస్తా. ఈడ బయటనే కూసుంటా."

ఆ మాట నేను బతికినన్నాళ్లూ గుర్తుంచుకుంటాను. ఒక గంట ముందు తన కుండ పారబోసినదాని ఇంటి గుమ్మం బయట కూర్చుని, దాని గిన్నె మైలపడకుండా చూస్తోంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చాను. మా పాలగిన్నె ముందు పెట్టాను.

"ఇందులో కొట్టు అవ్వా. నాకు చేతకాదు."

నిజంగానే చేతకాదు. గుడ్డు ఎలా పగలగొట్టాలో, పచ్చసొన ఎలా విడదీయాలో అనంతపురం కాలేజీలో చెప్పలేదు. అవ్వ పెంకు రెండు చెక్కల మధ్య అటూ ఇటూ పోస్తూ విడదీసింది. పాలలో కలిపి, బెల్లం ముక్క వేసి, ముందు తాను కొంచెం తాగి, "సూడు, అవ్వ కూడా తాగె" అంది. కూతురు తాగింది.

మా ఆయన ఆఖరి బస్సుకు వచ్చారు. తడి గోనెలో చుట్టిన మొక్కలు భుజాన ఉన్నాయి. రెండు జామ, ఒక కరివేపాకు, ఒక నిమ్మ. వసారాలో అవ్వ, లోపల గుడ్డు వాసన, నా చేతికి పసుపు కట్టు. ఏమైందని ఆయన అడగకముందే అంతా చెప్పాను. సంచి సంగతి ముందు చెప్పాను, అవ్వ సంగతి తర్వాత. ఆయన మొక్కలు నీడలో పెట్టి, గోనె మీద నీళ్లు చల్లి వచ్చి, కూతురి కాళ్ల దగ్గర కూర్చున్నారు.

ఆ రాత్రి నేను మాటిమాటికీ బిడ్డ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తుంటే అవ్వ వసారాలోంచి, "ఆ చెయ్యి తీయమ్మా. నువ్వు ముక్కుకాడ అడ్డం పెడితే దానికి ఊపిరి యాడిది?" అంది. మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుస్తూనే.

తెల్లవారింది. బిడ్డకు మూత్రం సరిగ్గా వచ్చింది. ఆకలి అంది. డాక్టరు గారు వచ్చి నాలుక, కళ్లు చూసి, రెండు రోజులు పాలు, మజ్జిగ అన్నం పెట్టమని, గండం గడిచిందని చెప్పి వెళ్లారు. అవ్వ అప్పటికే మేకకు ఆకు వేయాలని లేచి వెళ్లిపోయింది. కాసేపటికి ఆమె ఇంటి నుంచి రాగి సంకటి వాసన వచ్చింది. కూతురు అటు చూసింది. తర్వాత నా మొహం చూసింది.

కొడుకు అడిగాడు, "అమ్మా, అవ్వ ఇంటికి ఇంక పోకూడదా?"

వాళ్లిద్దరినీ వసారా మెట్టు మీద కూర్చోబెట్టి, నేను కింది మెట్టు మీద కూర్చున్నాను. అప్పుడు వాళ్ల మొహాలు నా మొహం కంటే కొంచెం పైన ఉన్నాయి.

"అవ్వ తప్పేమీ లేదు. ఆ సంచి పూడ్చాల్సింది నేను. మరిచిపోయింది నేను. అది విషమని అవ్వకు చెప్పనిదీ నేనే" అన్నాను. "నాకు భయమేస్తే అరుస్తాను. ఇకమీదట తక్కువ అరవాలని చూస్తాను, కానీ ఒక్క రోజులో రాదు. అందుకని మీరొక పని చేయండి. ఏదైనా జరిగితే నాకు చెప్పండి. నాకు చెప్పాలంటే భయమైతే అవ్వకు చెప్పండి. నిన్న ఏడు అని చెల్లి అవ్వకు చెప్పింది చూడు, అది చాలా మంచి పని. ఇప్పుడు లేచి అవ్వ ఇంటికి పోండి. చెల్లికి మజ్జిగ, నీకు సంకటి. అవ్వ చేత్తోనే పెట్టించుకుని తినండి. తిన్నాక ఆమెను చెయ్యి పట్టుకుని తోటకు పిలుచుకుని రండి. జామ మొక్క అవ్వ చేత నాటించాలి."